ఏది ఉంచాల, ఏది గుజిరీకెయ్యాల: పాత కంప్యూటర్ల మీద ఒక ప్రసంగం

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, కాలేజీ ల్యాబ్ సిబ్బంది, డీటీపీ అంగళ్ళవాళ్ళు కూర్చున్న సభలో ఒక హార్డ్‌వేర్ మెకానిక్ మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసిన పాఠం. మాట తీరు మార్చలేదు.)

వెనకాల నిలబడినోళ్ళు ముందుకు రండప్పా, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోవాలంటే మాత్రం ఇప్పుడే రావాల.

నన్ను పిలిచినోళ్ళు పాత కంప్యూటర్లను ఎట్లా కాపాడుకోవాలో చెప్పమన్నారు. నేను సగం అది చెప్తా, సగం వాటిని ఎట్లా పగలగొట్టాలో చెప్తా. ఎందుకంటే ఈ పిచ్చి పట్టినోళ్ళ ఇళ్ళు నేను చానా చూసినా. మంచం కింద మానిటర్లు, అటక మీద కీబోర్డులు, బాత్రూము పక్కన గోనెసంచిలో మదర్‌బోర్డులు. ఏదీ పనిచెయ్యదు, ఏదీ పారెయ్యరు. "ఎప్పుడన్నా పనికొస్తాది" అంటారు. ఆ ఎప్పుడన్నా రాదు. ఏది వదలాలో తేల్చుకోలేనోనికి సేకరణ ఉండదు, గోడౌను ఉంటాది.

మరి తేల్చుకునేది ఎట్లా? నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతా. ఈ మిషన్ పోతే, దీంతోపాటు మళ్ళా చదవలేకుండా పోయేది ఏమన్నా ఉందా? ఉంటే ఉంచాల. లేకపోతే, అది ఎంత అందంగా ఉన్నా, ఎంత పాతదైనా, రెండో ఆలోచన చెయ్యొచ్చు. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇంటర్నెట్లో కలెక్టర్లు వేరే లెక్క చెప్తారు: అరుదైనదా కాదా, పెట్టె రంగు పోయిందా లేదా, కీబోర్డు అసలుదా కాదా. వాళ్ళ లెక్క వాళ్ళది.

అరుదైనది అంటే ఏందో కూడా ముందు చెప్పుకుందాం. 1978లో అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం మన దేశం వదిలి పోయింది. అప్పటికే మన హైదరాబాదులో ప్రభుత్వ కంపెనీ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అని సొంత కంప్యూటర్ చేసుంది. హెచ్‌సీఎల్ 1976లో మొదలైంది. తర్వాత విప్రో లాంటి కంపెనీలు. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ పాలసీ మార్చి సుంకాలు తగ్గించినాక, బయట నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే పీసీలు ఊరూరికీ వచ్చినాయి. అదే కాలంలో బళ్ళలో కంప్యూటర్ నేర్పడానికి క్లాస్ అని ఒక పథకం. 1984-85లో 250 బళ్ళతో మొదలుపెట్టినారు. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ చేసిన బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్లు అందులోకి వచ్చినాయి. దాన్నే మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేసింది. మీ బడి స్టోర్‌రూములో ఎర్ర ఫంక్షన్ కీలు ఉండే లావుపాటి కీబోర్డు ఒకటి కనపడితే, మిషనంతా దాంట్లోనే ఉంటాది, ముట్టుకోవద్దు, ముందు నాకు చెప్పండి. (నవ్వులు) నిజంగానే చెప్తుండా. దాని పవర్ సప్లైలో కాగితం పొరల కెపాసిటర్లుంటాయి, రిఫా కంపెనీవి. పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్కు ముసలితనానికి పగిలి, ఆ పగుళ్ళలోంచి గాలిలో తేమ లోపలికి పోతాది. ప్లగ్గు పెట్టిన పది నిమిషాలకు టప్ మని పేలి ఇల్లంతా పొగ. మిషన్‌కు ఏమీ కాదు, వాసన మాత్రం చానా సేపు పోదు.

ఇంగ బ్యాంకులు. ఎనభైల్లో బ్యాంకుల్లో ఖాతా లెక్కలు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ మిషన్లని వచ్చినాయి, యూనియన్లు గొడవ చేసినాయి, పెద్దోళ్ళకు గుర్తుంటాది. రిజిస్ట్రార్ ఆఫీసులకు 1998లో, ఆస్తుల రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌కెక్కించే కార్డ్ ప్రాజెక్టుతో కంప్యూటర్లొచ్చినాయి. ఇవన్నీ ఒకప్పుడు మన జిల్లాలోనే ఉండినాయి. యాడికి పోయినాయి? వేలంలో పోయినాయి.

ల్యాబ్ అసిస్టెంట్లు ఇక్కడున్నారు కాబట్టి ఈ ముక్క వాళ్ళకు తెలుసు. కాలేజీలో గానీ ఆఫీసులో గానీ ఒక పాత కంప్యూటర్ మూలన పడి ఉందంటే దాని మీద ప్రేమతో కాదు. అది స్టాకు రిజిస్టర్లో ఉంది. పనికిరాదని రాసి కండెమ్ చేసేదాకా దాన్ని ఎవరూ కదిలించలేరు. కమిటీ కూర్చోవాల, సంతకాలు కావాల, ఆడిట్ వాళ్ళు అడిగితే చెప్పుకోవాల. అందుకే ఏళ్ళ తరబడి అట్లే ఉంటాయి. ఉన్నట్టుండి ఒకరోజు కమిటీ కూర్చుంటాది, మొత్తం లాట్‌గా వేలం వేస్తారు, లారీ వస్తాది. కుర్చీలు, ఇనుప బీరువాలు, ట్యూబ్‌లైటు పట్టీలు, యూపీఎస్‌లు, కంప్యూటర్లు అన్నీ కలిపి ఒకే ధర. మీకు కావాల్సింది అందులో ఒక్క మిషనే ఉండొచ్చు. లాట్ కొన్నాయనతో మాట్లాడుకోవడమే దారి. ఆయన కిలోల లెక్కలో ఉంటాడు, మీరు "ఇది చానా అరుదు సామీ" అని నోరు జారొద్దు. ఇనుము ధర కంటే కొంచెం ఎక్కువిచ్చి, సెలవు తీసుకోవాల.

సరే, నా ప్రశ్నకొస్తా. మళ్ళా చదవలేకుండా పోయేది.

అనంతపురంలో, కర్నూలులో, కడపలో నేను అన్నిటికంటే ముందు అడిగే మిషన్ యూనికార్న్ కాదు. ఎవరూ ఫోటో కూడా తియ్యని ఒక పెంటియం. కంప్యూటర్లో పేజీలు కూర్చి అచ్చుకిచ్చే డీటీపీ అంగడిలోది. తెల్లగా ఉండి పసుపుకు తిరిగిన టవరు, విండోస్ 98, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు అనూ ఫాంట్లు. వెనకాల ప్రింటర్ పోర్టుకు అగ్గిపెట్టంత ముక్క ఒకటి బిగించి ఉంటాది. డాంగిల్ అంటాం, హార్డ్‌వేర్ లాక్. అప్పట్లో మన భాషల సాఫ్ట్‌వేర్లు చానా వరకు ఆ ముక్క ఉంటేనే తెరుచుకునేవి. ముక్క పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టు చేసే కేబుళ్ళు అమ్ముతారు, వాటితో ప్రింటు పోతాది గానీ డాంగిల్‌ను చానాసార్లు గుర్తుపట్టదు.

ఆ మిషన్‌లో ఏముంటాది అంటారా? పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, అవి సరే. వాటితోపాటు మన సీమ రచయితలు సొంత డబ్బుతో వేసుకున్న కథల పుస్తకాలు, పల్లెటూరి దేవళాల స్థలపురాణాలు, భజన పాటల పుస్తకాలు, జిల్లా చిన్న పత్రికల సంచికలు. ఐదొందల కాపీలు వేసి, చుట్టాలకు పంచి, అయిపోయినవి. పుస్తకం మళ్ళా వెయ్యాలంటే అచ్చు కాపీ కూడా దొరకదు. మూలం ఆ హార్డ్‌డిస్కులోనే ఉంటాది.

"ఫైలు కాపీ చేసుకుంటే సరిపోతాది కదన్నా, మిషన్ ఎందుకు" అని ఒకబ్బాయి నన్ను అడిగినాడు. మంచి ప్రశ్న. అనూ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్లో వాడే యూనికోడ్ తెలుగు కాదు. ఫైలులో 'క' అనే అక్షరం ఉండదు, దాని ముక్కలుంటాయి. తలకట్టుకొక గుర్తు, గుడికొక గుర్తు, ఒత్తుకొక గుర్తు, అవి కూడా కంటికి కనపడే వరసలో పేర్చి ఉంటాయి, పలికే వరసలో కాదు. ఫాంటు లేకుండా తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే చేస్తాయి, కానీ ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు పడతాయి. ఆ తప్పు తప్పని తెలుసుకోవాలంటే అసలు పేజీ ఎట్లుండిందో పక్కన చూడాల. దానికి ఆ పేజ్‌మేకర్, ఆ ఫాంటు, ఆ డాంగిల్ ఉండే మిషన్ కావాల. పేజ్‌మేకర్ 7 2001లో వచ్చింది, అదే ఆఖరిది.

దీనికంటే ముందు, విండోస్ రాకముందు వాడిన డాస్ కాలంలో, జిస్ట్ కార్డని ఉండేది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి ప్రభుత్వ సంస్థ సీడాక్ దగ్గర పెరిగిన పని. మదర్‌బోర్డు స్లాటులో ఆ కార్డు గుచ్చితే డాస్ స్క్రీన్ మీద తెలుగు వచ్చేది. చిత్రమేందంటే, అంత పాతదాంట్లో టైపు చేసిన తెలుగును ఈపొద్దు యూనికోడ్‌లోకి మార్చడం సులువు. అది ఇస్కీ అనే మన భాషల కోడ్ పద్ధతిలో ఉంటాది, అక్షరాన్ని అక్షరంగానే దాచుకుంటాది, యూనికోడ్ వాళ్ళు మన అక్షరాల వరస తీసుకున్నది కూడా దాన్నుంచే. పాతది సులువు, తర్వాతది కష్టం. అందంగా కనపడాలని డీటీపీలో ముక్కలు చేసుకున్నాం, ఆ ముక్కలే ఇప్పుడు మనకు చాకిరీ పెడుతున్నాయి.

కడపలో బ్రౌను దొర ఏం చేసినాడు? తాళపత్రాలు పోగేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యలేదు. పండితులకు జీతాలిచ్చి ఇంట్లో కూర్చోబెట్టి, ఒక ప్రతికి ఇంకో ప్రతి పోల్చి, తప్పులు సవరించి శుద్ధప్రతి రాయించినాడు. డీటీపీ మిషన్ దగ్గర మనం చెయ్యాల్సింది కూడా ఆ పోల్చే పనే. కాబట్టి ఇక్కడ డీటీపీ అంగళ్ళవాళ్ళు ఎవరున్నా, టవరును గుజిరీకి పంపే ముందు వెనకాల ఆ ముక్క ఉందేమో చూడండి. హార్డ్‌డిస్కు ఫార్మాట్ కొట్టి పంపడం మర్యాదని కొందరు అనుకుంటారు. కస్టమర్ల సంగతులుంటాయి, నిజమే. ముందు కాపీ తియ్యండి, ఆమీదట ఫార్మాటు కొట్టండి.

ఇంగ బాగుచేసే పని. మన జిల్లాకు ఇందులో ఒక వరముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే ఊరు మనది. నెల్లూరు నుంచి, విశాఖ నుంచి వచ్చిన మిషన్ విప్పితే స్క్రూలకు తుప్పు, ఫ్లాపీలకు బూజు. మన మిషన్లకు అది తక్కువ. కరువు మనకు చేసిన మేలు ఇదొక్కటే అనుకుంటా. బదులుగా దుమ్ము. తాడిపత్రి నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ నుంచి వచ్చిన ఒక సీపీయూ విప్పితే లోపల పిండి మర అనుకోవాల. ఆ దుమ్ములో ఫ్యాను తిరగదు, ఫ్లాపీ డ్రైవు హెడ్డు చదవదు.

పాత మిషన్ దొరికిందని సంబరపడి ప్లగ్గు పెట్టొద్దు. ముందు సిరీస్ బల్బు. ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిందే: కరెంటు నేరుగా పోకుండా 100 వాట్ల గుండు బల్బు గుండా పోవాల. ఎస్ఎంపీఎస్‌లో, అంటే పవర్ సప్లై డబ్బాలో, షార్టుంటే బల్బు ఫుల్లుగా వెలుగుతాది, అంతే, పొగా లేదు, పేలుడూ లేదు. బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారతాది. పాత ఏటీ పవర్ సప్లై ఊరికే ఆన్ కాదు, దానికి లోడు కావాల, ఒక పాడుబడిన హార్డ్‌డిస్కన్నా తగిలించండి. మదర్‌బోర్డుకు పోయే కనెక్టర్లు రెండు, పీ8, పీ9. ఒకదాని చోట ఒకటి పెట్టినా దూరతాయి, బోర్డు చస్తాది. గుర్తు ఒకటే: రెండింటి నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన ఉండాల. మెయిన్ కెపాసిటర్లో ప్లగ్గు పీకినాక కూడా 300 వోల్టుల పైన డీసీ నిలబడి ఉంటాది. ఎస్ఎంపీఎస్ డబ్బా తెరిచేది నేర్చుకున్నోని పక్కన కూర్చుని తెరవండి, ఒంటరిగా వద్దు.

అసలు శత్రువు మాత్రం కరెంటు కాదు, బ్యాటరీ. పెంటియం కంటే ముందు వచ్చిన 286, 386, 486 బోర్డుల మీద కీబోర్డు సాకెట్ పక్కన నీలం రంగులో పీపా ఆకారం ఒకటి ఉంటాది, 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం. టైము, సెటప్ గుర్తుపెట్టుకోవడానికి. అది కారుతాది. కారితే నేను చూసిన బోర్డుల్లో అన్నీ ఒకే తీరు. బ్యాటరీ కాళ్ళ దగ్గర పచ్చటి ఉప్పు పొర, అక్కడి నుంచి సన్నటి రాగి గీతల మీదుగా నల్లగా పాకి కీబోర్డు కంట్రోలర్ చిప్పు కాళ్ళ దాకా. బోర్డు ఆకుపచ్చ పెయింటు కింద రాగి ఉందా తినేసిందా పైకి తెలియదు.

మిషన్ ఇంకా ఆన్ అవుతుంటే, బ్యాటరీ కోసే ముందు సెటప్‌లోకి పోయి హార్డ్‌డిస్కు వివరాలు కాగితం మీద రాసుకోండి. సిలిండర్లు, హెడ్లు, సెక్టర్లు. బ్యాటరీ తీసినాక ఆ మిషన్‌కు తన డిస్కు ఏదో తనకే తెలియదు, తేదీ అడిగితే 1-1-1980 అంటాది. ఆమీదట కటింగ్ ప్లయరుతో కాళ్ళు కోసి బ్యాటరీ తీసెయ్యండి. కారింది క్షారం, కాబట్టి ఆమ్లంతో విరగ్గొట్టాల. అంగట్లో దొరికే వెనిగర్ చాలు, ఇయర్‌బడ్ ముంచి రుద్దితే చిన్నగా నురుగొస్తాది. నురుగు ఆగేదాకా చెయ్యండి. శుభ్రమైన నీళ్ళతో, ఆమీదట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాల. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి ఒక్కో గీత ఈ కొసా ఆ కొసా ముట్టించి చూడండి. బీప్ రాని చోట వెంట్రుకంత తీగ అతికించాల. కొత్త బ్యాటరీగా సీఆర్2032 నాణెం పెడతారు, పెట్టండి, కానీ మధ్యలో ఒక డయోడు వెయ్యండి. పాత బోర్డు తన బ్యాటరీని ఛార్జ్ చేస్తుంటాది, నాణెం బ్యాటరీ ఛార్జింగుకు చేసింది కాదు, ఉబ్బి పగులుతాది.

ఇంత చేసినా స్క్రీన్ మీద ఏమీ రాకపోతే, పోస్ట్ కార్డని బోర్డును పరీక్షించే కార్డుంది, అది స్లాటులో గుచ్చండి. రెండంకెలు చూపిస్తాది, బూట్ యాడ ఆగిందో ఆ అంకెలే చెప్తాయి. మేము ఇవన్నీ బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొనేవాళ్ళం. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి, అంగళ్ళు తెరిచేదాకా టీలు తాగుతా నిలబడేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తాయి, కానీ పాత స్పేర్ ఒకటి చేతిలో పట్టుకుని "ఇట్లాంటిది ఉందా భాయ్" అని అడిగే సుఖం లేదు.

ఫ్లాపీల సంగతి తొందరగా చెప్తా. బూజు పట్టినది డ్రైవులో పెట్టొద్దు, హెడ్డు పోతాది, ఆ హెడ్డుతో పెట్టే తర్వాతి ఫ్లాపీ కూడా గీరుకుంటాది. ముఖ్యమైనదైతే గ్రీస్‌వీజల్ అని ఒక చిన్న యూఎస్‌బీ బోర్డుంది, ఫైళ్ళ జోలికి పోకుండా అయస్కాంతపు మార్పులనే ఉన్నది ఉన్నట్టు కాపీ తీస్తాది. చదవలేని ఫ్లాపీని కూడా తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు.

ప్లాస్టిక్కు పసుపు పోగొట్టేది ఎట్లా అని ఫోన్లు చేస్తారు. మంటలు అంటుకోకుండా ప్లాస్టిక్కులో బ్రోమిన్ రసాయనాలు కలిపినారు, అందుకే పసుపు తిరుగుతాదంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడతాది. మన ఎండకు ఇంకా తొందరగా అవుతాది, చారలు కూడా పడతాయి. నాకైతే ఆ పని ఇష్టం లేదు. పసుపుంటే ఏమైంది? ఒక్క జాగ్రత్త: బోర్డుల మీద ప్రోగ్రామ్ రాసి దాచే ఈప్రామ్ చిప్పులు, గాజు కిటికీ ఉండేవి, ఉంటాయి, దాని మీద స్టిక్కరు అంటించి ఉంటాది. "మురికిగా ఉంది" అని ఆ స్టిక్కరు పీకొద్దు. నేరుగా ఎండ తగిలితే సుమారు వారంలో లోపల రాసింది చెరిగిపోతుందని చిప్పు కంపెనీల కాగితాల్లోనే ఉంటాది.

సరే, పగలగొట్టే పని. నా ప్రశ్నకు "లేదు" అని జవాబొచ్చిన మిషన్లు. వాటిలోంచి ముందు తీసుకోవాల్సినవి: పనిచేసే ఎస్ఎంపీఎస్, పాత స్లాట్లలో గుచ్చే ఐఎస్ఏ కార్డులు, సిమ్ అనే పాత రకం ర్యాము పట్టీలు, హార్డ్‌డిస్కుకు తగిలించే ఐడీఈ కేబుళ్ళు, పెద్ద గుండ్రటి పిన్ను ఉండే కీబోర్డులు. పది పెంటియంలు ముక్కలైతే ఒక డీటీపీ మిషన్ ఇంకొన్నేళ్ళు బతుకుతాది. కాబట్టి పగలగొట్టడం పాపమేమీ కాదు.

పాపం యాడుందంటే, తర్వాత. మానిటరు పిక్చర్ ట్యూబు. రంగుల ట్యూబులో 20 వేల వోల్టుల పైన ఉంటాది, ఆపినాక కూడా కొంత నిలబడతాది. దాని గాజులో సీసం ఉంది. గుజిరీలో పిల్లోళ్ళు వెనకాల మెడ విరగ్గొట్టి రాగి చుట్ట ఒక్కటి పీక్కుని గాజు కాలవలో పారేస్తారు. తీగలకు నిప్పుపెడతారు, ప్లాస్టిక్కు కాలి రాగి మిగలాలని. ఆ పొగ పీల్చేది వాళ్ళే, పక్కింటోళ్ళే. ఇంగ యూట్యూబ్ చూసి బంగారం తియ్యాలని బయల్దేరినోళ్ళు. కార్డుల అంచున మెరిసే పూత మైక్రాన్ మందం ఉంటే ఎక్కువ. దాని కోసం నైట్రిక్ యాసిడ్ బకెట్లో పోస్తే ఎర్రటి పొగ లేస్తాది, ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరేంత విషం అది. మిగిలిన యాసిడ్ నేలలోకి. బోర్లు ఎండిపోయే జిల్లాలో మిగిలిన నీళ్ళలో కూడా సీసం కలుపుదామా? సిరామిక్ 386 చిప్పు కరిగిస్తే వచ్చే బంగారం కంటే, పనిచేసే చిప్పుగా అమ్మితే వచ్చే డబ్బే చానాసార్లు ఎక్కువ. ఆశ ఉంటే ఆ దారిలో పడండి.

ఈ-వేస్ట్ రూల్స్ 2022లో కొత్తగా వచ్చినాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాల. కాలేజీలోళ్ళు వేలం కాగితంలో ఆ షరతు రాయించండి, ధర కొంచెం తగ్గుతాది, తగ్గనీండి. ఇంట్లో ఒకటో రెండో ఉన్నోళ్ళు కనీసం బ్యాటరీలు కోసి విడిగా డబ్బాలో పెట్టండి, ట్యూబు పగలగొట్టకుండా మొత్తంగా ఇవ్వండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఇంట్లో 486 ఉంది సార్, మా నాయన వాడింది. డిస్కు ఆన్ చేస్తే కుయ్యిమంటుంది, తిరగడం లేదు.)

ఎన్నేళ్ళయింది ఆన్ చేసి? అయితే హెడ్డు ప్లేటుకు అతుక్కుని ఉంటాది. మళ్ళా మళ్ళా ఆన్ చెయ్యొద్దమ్మా. దాంట్లో ఏముందో మీ నాయనకు గుర్తుందా? లెక్కల పుస్తకమైతే వదిలెయ్యి. రాసుకున్నవేమన్నా ఉంటే నా దగ్గరికి తీసుకురా. డిస్కును అడ్డంగా పట్టుకుని మణికట్టుతో గుండ్రంగా ఒక్క విసురు విసిరి కదిలించే పద్ధతుంది, ఒకసారి తిరిగితే వెంటనే కాపీ తియ్యాల, రెండోసారి తిరుగుతాదని నమ్మకం లేదు. కాబట్టి కాపీ తీసే మిషన్ ముందే సిద్ధంగా పెట్టుకుని చెయ్యాల. వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో పెట్టుకో, బ్యాగు అడుగున వెయ్యొద్దు.

(సభలోంచి: మా అంగట్లో డాంగిల్ ఉంది, మిషన్ లేదు. అదన్నా పనికొస్తుందా?)

భలే! పారెయ్యొద్దన్నా. ఏ సాఫ్ట్‌వేర్‌దో, ఏ వెర్షనో దాని మీద కాగితం అంటించు. ప్రింటర్ పోర్టు ఉండే పెంటియం నేనిస్తా, సీడీ నీ దగ్గరుంటే. లేకపోతే అడుగుదాం, ఈ రూములోనే ఎవరో ఒకరి బీరువాలో ఉంటాది. ఎవరి దగ్గరుందో చెయ్యెత్తండి... అదిగో, ఆ చొక్కా ఆయన. మీరిద్దరూ టీ దగ్గర మాట్లాడుకోండి.

ఇప్పుడు పక్కరూములో మూడు బోర్డులు పెట్టినాను, బ్యాటరీలు కారినవి. ఉంగరాలు, వాచీలు తీసి రండి. కటింగ్ ప్లయరు రెండే ఉన్నాయి, జతగా కూర్చోవాల.